స్పెయిన్ ‘నరాన్హ’కీ మన నారింజకీ చుట్టరికం ఏమిటి?

ప్రశ్న: ఉద్యోగం మీద యూరప్ వచ్చి ఏడాదైంది. స్పెయిన్‌లో జ్యూస్ కొట్టు దగ్గర ‘నరాన్హ’ అన్న మాట విని, ఇది మన నారింజే కదా అనుకున్నాను. కానీ నేనుండే నెదర్లాండ్స్‌లో దాన్ని ‘సీనాస్‌ఆపెల్’ అంటారు. గ్రీస్ వెళ్తే ‘పోర్టొకాలి’ అన్నారు. ఒకే పండుకి ఇన్ని పేర్లేమిటి? మాట మన దగ్గర్నుంచి వాళ్ళకి వెళ్ళిందా, వాళ్ళ దగ్గర్నుంచి మనకి వచ్చిందా? ఇంగ్లిష్‌కి వచ్చేసరికి మొదటి ‘న’ ఏమైపోయింది? డచ్ రాజవంశానికి పండు పేరు ఎందుకు?

జవాబు:

నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదండీ. రాటర్‌డామ్ రేవు దగ్గర పళ్ళు దిగుమతి చేసే ఒక సంస్థలో పద్దెనిమిదేళ్ళు పని చేశాను. నిమ్మ జాతి పళ్ళ పెట్టెల మీద ఏ దేశానికి ఏ భాషలో లేబుల్ అంటించాలో చూసుకోవడం నా పనిలో సగం. పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా లోడు గోడౌన్‌లో ఆగిపోతుంది, టెన్షన్ మాకు. అలా అవసరం కొద్దీ మొదలుపెట్టి, చివరికి సెలవు రోజుల్లో కూడా నిఘంటువులు తిరగేసే స్థితికి వచ్చాను.

మీ ప్రశ్నలో ‘ఒకే పండు’ అన్నారు చూశారా, చిక్కు అక్కడే ఉంది. యూరప్‌కి వెళ్ళినవి రెండు పళ్ళు. ముందు వెళ్ళింది చేదూ పులుపూ కలిసిన కాయ. తియ్యటిది ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళకి వెళ్ళింది. రెండూ వేరే దారుల్లో వెళ్ళాయి, వేరే వ్యాపారుల చేతుల మీదుగా వెళ్ళాయి. పేర్లు కూడా ఆ దారుల్నే పట్టుకుని ఉన్నాయి. ఇది గుర్తుంటే మిగతాదంతా దారంలా విడిపోతుంది.

ఆ మాటకొస్తే ఈ తేడా మనకీ తెలుసు. మా ఇంట్లో నారింజకాయ అంటే పులిహోరలో పిండే కాయ. ఒలుచుకుని తినేది కమలా, రసం తీసుకునేది బత్తాయి. నారింజ పండు తిందామని ఎవరైనా అంటే మా అమ్మ మొహం అదోలా పెట్టేది. స్కూల్లో ఇంద్రధనుస్సు రంగులు చదివేటప్పుడు మాత్రం నారింజ అంటే ఆరెంజ్ అని నేర్చుకున్నాం. ఇంట్లో నారింజ వేరు, పుస్తకంలో నారింజ వేరు. అచ్చంగా ఇదే సంగతి గ్రీకుల ఇళ్ళలోనూ ఉంది. అక్కడికి తరవాత వస్తాను.

ముందు మాట ఎవరిదన్న సంగతి. ప్రయాణం ఇక్కడి నుంచి అక్కడికే, అందులో అనుమానం లేదు. సంస్కృతంలో ‘నారంగ’ ఉంది. ఆ సంస్కృత పదానికి ద్రావిడ మూలం ఉందని పేరున్న నిఘంటువులు చాలావరకు చెబుతాయి. తమిళంలో ‘నారత్తై’ అనే పుల్లకాయ ఉంది. మలయాళంలో నిమ్మ జాతి కాయలకి ఇప్పటికీ ‘నారంగ’ అనే అంటారు, చిన్న నిమ్మకాయ ‘చెరునారంగ’. తమిళంలో ‘నాఱు’ అంటే వాసన వేయడం. తొక్క గిల్లితే గుప్పుమనే కాయకి వాసనను బట్టి పేరు పెట్టడం సహజమే. ఇంటర్నెట్‌లో ఇంకో కథ తిరుగుతుంటుంది: ఒక ఏనుగు ఈ పళ్ళు అతిగా తిని పొట్ట పగిలి చచ్చిపోయిందనీ, అందుకే దీనికి ‘నాగరంగం’ (సంస్కృతంలో ‘నాగ’ అంటే ఏనుగు కూడా) అని పేరు వచ్చిందనీ. అది తరవాత అల్లిన కట్టుకథ. పాపం ఏనుగుకి ఏ సంబంధమూ లేదు.

ఇక్కడి నుంచి పారశీకానికి ‘నారంగ్’గా వెళ్ళింది. అరబ్బుల నోట్లో ‘నారంజ్’ అయింది. అరబ్బీ లిపిలో ‘గ’ శబ్దానికి అక్షరం లేదు, బయటి మాటల్లోని ‘గ’ను చాలాసార్లు ‘జ’గా మార్చుకుంటారు. మన సంస్కృత తత్సమం ‘నారంగము’, వాడుక మాట ‘నారింజ’. ఈ రెండో దాని చివర ‘జ’ ఉండటం చూస్తే, ఇక్కడి నుంచి వెళ్ళిన మాటే పారశీకం, ఉర్దూల మీదుగా వేషం మార్చుకుని ఇంటికి తిరిగొచ్చిందేమో అని నాకనిపిస్తుంది. కాదనేవాళ్ళుంటే వినడానికి సిద్ధమే.

చెట్టు సంగతికి సాక్ష్యం కూడా ఉంది. పదో శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ, హిజ్రీ 300 తరవాత, అంటే సుమారు 912 తరవాత, ఈ చెట్టును భారతదేశం నుంచి తెచ్చి మొదట ఒమాన్‌లో నాటారని రాశాడు. అక్కడి నుంచి బస్రాకీ, సిరియాకీ వెళ్ళిందట. వెళ్ళిన చోట నేలా నీళ్ళూ మారేసరికి పాత సువాసన పోయిందని కూడా రాశాడు. వాసనను బట్టి పేరు వచ్చిన కాయ వాసనే పోగొట్టుకుందన్నమాట. పేరు మాత్రం అంటిపెట్టుకునే ఉంది.

అరబ్బుల పాలన సిసిలీలోనూ స్పెయిన్‌లోనూ ఉన్న రోజుల్లో చెట్టు మధ్యధరా దాటింది. కోర్దోబాలో ఒకప్పటి పెద్ద మసీదు ముందున్న ఆవరణని ఇప్పటికీ ‘నారింజ చెట్ల ముంగిలి’ అనే పిలుస్తారు. సెవిల్లో వీధి వీధికీ ఆ చెట్లే. స్పానిష్ ‘నరాన్హ’ అరబ్బీ ‘నారంజ్’ నుంచి నేరుగా వచ్చింది. పోర్చుగీసులో మొదటి ‘న’ కాస్తా ‘ల’ అయి ‘లరాంజా’ అయింది. అదే మాటలో ఇంకో ‘న’ ఉండటంతో నాలుక దారి తప్పింది, అంతే. ఇటలీలో వెనిస్ వాళ్ళు ‘నరాన్జా’ అన్నారు, మిగతా ఇటాలియన్లు ‘అరాంచా’ అన్నారు. వెనిస్ పడవలు తిరిగిన క్రొయేషియా తీరంలో ‘నరాంచా’. హంగరీలో ‘నరన్చ్’. ఇవన్నీ మన నారింజకి దగ్గరి చుట్టాలే, మొహం చూడగానే పోలిక తెలిసిపోతుంది.

ఇప్పుడు పోయిన ‘న’ సంగతి. ఇంగ్లిష్‌లో ‘ఎ నారెంజ్’ అనేది జనం నోట్లో ‘ఆన్ ఆరెంజ్’ అయిపోయిందని చాలామంది టీచర్లు కూడా చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. ఈ మాట ఇంగ్లిష్‌లోకి పధ్నాలుగో శతాబ్దం చివర్లో వచ్చింది, వచ్చేటప్పటికే దానికి ‘న’ లేదు. దొంగతనం జరిగింది ఇటాలియన్, ఫ్రెంచ్ ఇళ్ళలో. ‘ఊనా నరాంచా’ అంటే ‘ఒక నారింజ’. గబగబా అంటుంటే ముందు మాట చివరి ‘నా’ ఎక్కడ ఆగుతుందో, రెండో మాట ‘న’ ఎక్కడ మొదలవుతుందో తెలియక ‘ఊన్ అరాంచా’గా విరిచేశారు. పాత ఫ్రెంచ్‌లో అయితే ఇంకో ఆకర్షణ కూడా ఉంది. ‘ఓర్’ అంటే బంగారం. బంగారు రంగు పండు ‘అ’తో ఉండటం కంటే ‘ఓ’తో ఉంటేనే అర్థవంతంగా అనిపించి ‘ఒరాంజ్’ అయింది. మధ్యయుగపు లాటిన్ పండితులు కూడా అదే బాటలో బంగారాన్ని తలపించేలా ‘ఔరాంటియుమ్’ అని రాసుకున్నారు. పుల్ల నారింజకి ఈనాటికీ ఉన్న శాస్త్రీయ నామం ‘సిట్రస్ ఔరాంటియం’ అదే బంగారు పూత.

అలాగని ఇంగ్లిష్ వాళ్ళు ‘న’లు ఎప్పుడూ దొంగిలించలేదని కాదు. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు ‘నేప్రన్’. క్రికెట్ చూసేవాళ్ళకి ఇంకా సరదా ఉదాహరణ చెప్పనా? అంపైర్ మొదట్లో ‘నౌంపెర్’. పాత ఫ్రెంచ్‌లో ‘జతకి చెందని మూడోవాడు’ అన్న అర్థం వచ్చే మాట నుంచి పుట్టింది. ‘ఎ నౌంపెర్’ని ‘ఆన్ ఔంపెర్’ అనుకున్నారు. మన ఆరెంజ్ మీద ఆ నేరం మోపడం మాత్రం అన్యాయం.

ఇదంతా మొదటి కుటుంబం. పుల్లకాయ కుటుంబం. వంటకి, మందుకి, అత్తరుకి, పెద్దింటి తోటల్లో అలంకారానికి వాడేవాళ్ళు. ఒలుచుకుని తినేవాళ్ళు కాదు.

తియ్యటి పండు యూరప్‌లో గట్టిగా నాటుకున్నది పదిహేనో శతాబ్దం చివరా, పదహారో శతాబ్దంలోనూ. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాక తూర్పు సముద్రాల్లో పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలైంది. చైనా రేవుల నుంచి మేలు రకం తీపి చెట్లను తెచ్చి లిస్బన్ చుట్టుపక్కల పెంచారు. అక్కడి నుంచి మధ్యధరా అంతా అమ్మారు. అమ్మేవాడి పేరే సరుకుకి అతుక్కుపోయింది. మన బజార్లో కూడా నాగపూర్ కమలా, కొల్లేటి చేప అని ఊరి పేరుతోనే అడుగుతాం కదా. గ్రీకులో ‘పోర్టొకాలి’, అల్బేనియాలో ‘పోర్టొకాల్’, బల్గేరియాలో ‘పోర్టొకాల్’, రొమేనియాలో ‘పోర్టొకాలా’, టర్కీలో ‘పోర్టకాల్’, అరబ్బీలో ‘బుర్తుకాల్’, జార్జియాలో ‘పోర్తొఖాలి’. ఇథియోపియాలో కూడా ‘బిర్తుకాన్’. నేపుల్స్ మాండలికంలో ‘పుర్తువాల్లొ’. అన్నీ పోర్చుగల్ దేశం పేరే. ఆ దేశం పేరు మళ్ళీ డౌరో నది ముఖద్వారంలో ఉన్న ‘పోర్టుస్ కాలె’ అన్న రేవు నుంచి వచ్చింది. ఏథెన్స్‌లో ఎవరైనా ఒక గ్లాసు పోర్టొకాలి రసం అడిగారంటే, తెలియకుండానే ఒక రేవు పేరు చెప్పి అడుగుతున్నట్టు.

ఇందులో నాకు బాగా నచ్చే తమాషా ఏమిటంటే, ప్రపంచంలో సగం మంది ఈ పండుని పోర్చుగల్ అంటుంటే పోర్చుగీసు వాళ్ళు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ‘లరాంజా’ అని మన మాటే వాడుకుంటున్నారు. అరబ్బులని చూడండి. నారంజ్ అన్న మాటని యూరప్‌కి మోసుకెళ్ళిన వాళ్ళే, తియ్యటి పండు వచ్చాక దాన్ని బుర్తుకాల్ అనడం మొదలుపెట్టారు. నారంజ్‌ని పుల్లకాయకి వదిలేశారు. ఇరాన్‌లోనూ అంతే: తియ్యటిది ‘పోర్తెకాల్’, పుల్లటిది ‘నారెంజ్’. గ్రీకులోనూ అంతే: తియ్యటిది ‘పోర్టొకాలి’, పుల్లటిది ‘నెరాంజి’. మా అమ్మ లెక్కే! తియ్యటిదానికి కొత్త పేరు, పుల్లటిదానికి పాత పేరు.

మరి మీ ‘సీనాస్‌ఆపెల్’? విడదీస్తే ‘సీనా’ అంటే చైనా, ‘ఆపెల్’ అంటే ఆపిల్. చైనా ఆపిల్. ఇంగ్లండ్‌లో కూడా పదిహేడో శతాబ్దంలో తియ్యటి రకాన్ని ‘చైనా ఆరెంజ్’ అనే అమ్మేవాళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్, హాంబుర్గ్ రేవుల్లో ఈ పేరు స్థిరపడింది. బెల్జియంలో డచ్ మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ తిరగేసి ‘ఆపెల్‌సీన్’ అంటారు. ఈ రెండో రూపమే ఓడలెక్కి ఉత్తరానికి పోయింది. ఉత్తర జర్మనీలో ‘ఆప్ఫెల్‌జీనె’, డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో ‘అపెల్‌సీన్’, ఫిన్లండ్‌లో ‘అప్పెల్‌సీని’, ఎస్టోనియాలో ‘అపెల్‌సిన్’, లాట్వియాలో ‘అపెల్‌సీన్స్’, లిథువేనియాలో ‘అపెల్‌సినస్’, రష్యాలో ‘అపెల్‌సిన్’. మ్యాప్ తీసి ఈ దేశాల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళండి, బాల్టిక్ సముద్రం చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తవుతుంది. డచ్, జర్మన్ వర్తకుల ఓడలు తిరిగిన దారి అది.

‘ఆపిల్ ఏమిటి మధ్యలో?’ అని మీకు అనిపించవచ్చు. యూరప్ భాషల్లో ఒకప్పుడు ఆపిల్ అంటే ఏ పండైనా కావచ్చు. మనం ఊరు తెలియని కొత్త సరుకు ముందు ‘సీమ’ తగిలించి సీమచింత, సీమరేగు, సీమసున్నం అన్నాం చూడండి, వాళ్ళు వెనక ఆపిల్ తగిలించారు. ఫ్రెంచ్ వాళ్ళకి బంగాళాదుంప ‘నేల ఆపిల్’, ఇటాలియన్లకి టమాటా ‘బంగారు ఆపిల్’. నారింజని కూడా మొదట ‘పొమ్ దొరాంజ్’, అంటే నారింజ ఆపిల్ అన్నారు.

ఆ అలవాటు నుంచే ఇంకో దారి పుట్టింది. ఇటాలియన్ ‘పోమొ’, ‘అరాంచా’ కలిసి ‘పొమరాంచా’ అయింది. అది ఆల్ప్స్ కొండలు దాటి జర్మన్‌లో ‘పొమెరాన్‌ట్సె’ అయింది, అక్కడి నుంచి పోలండ్‌లో ‘పొమరాన్చా’, చెక్‌లో ‘పొమెరాంచ్’, స్లొవేనియాలో ‘పొమరాంచా’, ఉక్రెయిన్‌లో ‘పొమరాన్చ్’. ఇది నేల మీద బండ్లు తిరిగిన దారి. జర్మన్ వాళ్ళు ఆ పేరుని పుల్లకాయకే ఉంచేశారు. పోలండ్, చెక్ వాళ్ళు తియ్యటి పండుకి కూడా అదే సాగదీశారు. రష్యన్‌లో రెండూ ఉన్నాయి: ‘అపెల్‌సిన్’ తియ్యటిది, ‘పొమెరానెట్స్’ చేదుది.

కేటలన్ భాష గురించి చెప్పకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. బార్సిలోనా ప్రాంతంలో మాట్లాడే భాష అది. అందులో ఆరెంజ్‌ని ‘తరోంజా’ అంటారు. ఇది నారింజ కుటుంబం కానే కాదు. అరబ్బీలో దబ్బకాయ లాంటి కాయకున్న ‘తురుంజ’ అన్న మాట నుంచి వచ్చింది. అదే అరబ్బీ మాట స్పానిష్‌లో ‘తొరోన్హ’ అయింది, దానికి లాటిన్ అమెరికాలో అర్థం గ్రేప్‌ఫ్రూట్. అంతటితో అయిపోలేదు. కేటలన్‌లో గ్రేప్‌ఫ్రూట్‌ని ‘అరాంజా’ అంటారు. అంటే పక్కపక్కనే ఉన్న రెండు భాషల్లో రెండు పళ్ళూ పేర్లు మార్చుకున్నాయన్నమాట. ఒకసారి మా సంస్థ లేబుళ్ళు రాయించుకునే ఒక అనువాదకుడు, మెక్సికో నుంచి వచ్చినవాడు, బార్సిలోనాకి వెళ్ళాల్సిన ఆరెంజ్ స్టిక్కర్లలో ‘తరోంజా’ని అక్షరదోషం అనుకుని ‘తొరోన్హ’గా దిద్దేశాడు. రెండు పాలెట్ల స్టిక్కర్లు మేం చేత్తో ఊడదీసుకున్నాం. ఆ రాత్రి గోడౌన్‌లో కోల్డ్ స్టోరేజ్ చలికి వణుకుతూ నేను నేర్చుకున్న భాషాశాస్త్రం ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

ఇక డచ్ రాజవంశం, అంటే ‘ఆరెంజ్’ వంశం. అసలు సంగతి వింటే మీరు నిరాశపడతారేమో: ఆ పేరుకీ పండుకీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. ఫ్రాన్స్ దక్షిణాన రోన్ నది దగ్గర ఆరెంజ్ అనే ఊరుంది. రోమన్ల కాలంలో దాని పేరు ‘అరౌసియొ’, అక్కడి స్థానికుల ఒక జలదేవత పేరు. క్రీ.పూ. 105లో రోమన్ సైన్యం చిత్తుగా ఓడిపోయిన యుద్ధం ఆ ఊరి దగ్గరే జరిగింది. రోమన్లు కట్టిన నాటకశాల గోడ ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. ‘అరౌసియొ’ అరుగుతూ అరుగుతూ వచ్చి, అటు నుంచి అరుగుతూ వస్తున్న ‘నారంజ్’తో ఒకే శబ్దం దగ్గర ఢీకొంది. రెండు వేర్వేరు ఊళ్ళవాళ్ళకి ఒకే పేరు పెట్టినట్టు.

ఆ ఊరు చుట్టూ ఒక చిన్న సంస్థానం ఉండేది. 1544లో దాని రాజు రెనె పిల్లలు లేకుండా చనిపోతే, అది పదకొండేళ్ళ బంధువు, నాసౌ వంశపు విలియంకి సంక్రమించింది. ఆ విలియం పెద్దవాడై స్పెయిన్ మీద డచ్ తిరుగుబాటుకి నాయకుడయ్యాడు. 1584లో డెల్ఫ్ట్‌లో హత్యకి గురయ్యాడు. ఆయన అనుచరులు నారింజ రంగు గుర్తుగా పెట్టుకున్నారు. ఊరి పేరుకీ పండు పేరుకీ ఉన్న శ్లేషని వాళ్ళు తెలిసే వాడుకున్నారు. 1713లో ఆ ఊరు ఫ్రాన్స్ చేతికి పోయింది. పేరూ రంగూ మాత్రం డచ్ వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఏప్రిల్ 27న రాజు పుట్టినరోజుకి మీ వీధంతా ఏ రంగులో మునిగిపోతుందో మీరే చూసి ఉంటారు.

ఆ వంశం వాళ్ళే మూడో విలియంగా 1689లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కారు. 1690లో ఐర్లండ్‌లో బాయిన్ నది దగ్గర గెలిచారు. అందుకే 1795లో పుట్టిన అక్కడి ప్రొటెస్టెంట్ సంఘం పేరు ఆరెంజ్ ఆర్డర్, ఐర్లండ్ జెండాలో మూడో రంగు నారింజ. అమెరికాలో డచ్ వాళ్ళు 1673లో న్యూయార్క్‌ని తిరిగి పట్టుకున్నప్పుడు కొద్దికాలం దాని పేరు న్యూ ఆరెంజ్. దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ నది కూడా ఈ వంశం పేరే, నీళ్ళ రంగు కాదు. ఒక దేవత పేరు, పండు వేషం వేసుకుని ఇన్ని ఖండాలు తిరిగింది. విలియం గౌరవార్థం డచ్ రైతులు నారింజ రంగు క్యారెట్ పుట్టించారని మీ ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. క్యారెట్ మేలు రకాలు డచ్ రైతులు తయారుచేసిన మాట నిజమే. రాజు కోసం అన్నదానికి ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు.

రంగు మాట దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది లేబుళ్ళలో మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. పండు రాకముందు యూరప్‌లో చాలా భాషలకి ఈ రంగుకి విడి పేరే లేదు. పాత ఇంగ్లిష్‌లో ‘పసుపెరుపు’ అని రెండు రంగులు కలిపి అనేవాళ్ళు. రాబిన్ పిట్ట ఛాతీ స్పష్టంగా నారింజ రంగే అయినా దాన్ని ‘ఎర్ర రొమ్ము’ అంటారు. ఎందుకంటే ఆ పిట్టకి పేరు పెట్టిన నాటికి ఇంకో మాట లేదు. ఇంగ్లిష్‌లో ఆరెంజ్ రంగు పేరుగా కనబడేది పదహారో శతాబ్దం మొదట్లో. తరవాత న్యూటన్ ఇంద్రధనుస్సులో దానికి ఒక గడి కేటాయించాడు, అది మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. మనకీ కాషాయం ఉంది కానీ అది ఈ రంగు కాదు, దాని వెనక వేరే బరువుంది.

కొన్ని భాషల్లో పండుకి ఒక కుటుంబం, రంగుకి ఇంకో కుటుంబం. మీ డచ్‌లో పండు ‘సీనాస్‌ఆపెల్’, రంగు ‘ఓరాన్యె’. డచ్ పిల్లాడికి ఫుట్‌బాల్ జట్టు రంగులో పండు వినబడదు. పండు రసం అడిగేటప్పుడు మళ్ళీ ఫ్రెంచ్‌లో ‘జూ దొరాంజ్’ అంటారు, అది వేరే ముచ్చట. రష్యన్‌లో పండు ‘అపెల్‌సిన్’, రంగు ఫ్రెంచ్ నుంచి వచ్చిన ‘ఒరాన్‌జెవి’. టర్కీలో పండు పోర్చుగల్ పేరు, రంగు ‘తురుంజు’, అంటే పుల్లకాయ పేరు. స్వీడన్‌లో పాతకాలం వాళ్ళు ఈ రంగుని ‘నిప్పు పసుపు’ అనేవాళ్ళు, నాకెందుకో ఆ మాటే అన్నిటికంటే బాగుంటుంది. ఐస్‌లండ్ వాళ్ళు ‘ఆపిల్‌సీను పసుపు’ అని పొడుగ్గా అంటారు. ఉక్రెయిన్‌లో 2004లో జరిగిన ‘నారింజ విప్లవం’ ఉద్యమాన్ని ఉక్రేనియన్‌లో ‘పొమరాన్చెవా’ అంటే, రష్యన్‌లో ‘ఒరాన్‌జెవయా’ అన్నారు. ఏ మాట వాడారో చూస్తే ఏ భాషలో మాట్లాడుతున్నారో తెలిసిపోయేది.

నానుడులు కూడా అడిగితే రెండే చెబుతాను. స్పానిష్‌లో జీవిత భాగస్వామిని ‘మేడియా నరాన్హ’ అంటారు. సగం నారింజ. రెండు చెక్కలు కలిస్తేనే పండు అని. అదే పండు అట్లాంటిక్ దాటి బ్రెజిల్ వెళ్ళేసరికి ‘లరాంజా’ అంటే బినామీ! ఎవరి పేరు మీదైతే డబ్బూ ఆస్తులూ దాచిపెడతారో, ఆ మనిషి. పేపర్లో కుంభకోణం వార్తల్లో నారింజలు కనబడుతుంటే మొదట్లో వ్యవసాయం పేజీ అనుకునేవాణ్ణి.

చివరగా మీకు పనికొచ్చే సంగతి. ఈసారి ఏథెన్స్ వెళ్తే ఫుట్‌పాత్‌ల వెంట వరసగా చెట్లూ, వాటి నిండా మెరిసిపోయే పళ్ళూ కనబడతాయి. ఎవరూ కోసుకోరు. ఇంత మంచి పళ్ళు వదిలేశారేమిటా అని ఒకటి కోసి నోట్లో పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను. అవి పోర్టొకాలి కాదు, నెరాంజి. గ్రీకులు వాటి లేత కాయల్ని పాకంలో ఉడికించి, వచ్చిన అతిథికి చెంచాతో ఇస్తారు. పచ్చిగా మాత్రం తినరు. ఆ జాతి కాయే జనవరి, ఫిబ్రవరిలో సెవిల్ నుంచి పెట్టెల్లో మన రేవుకి వస్తుంది, మార్మలేడ్ చేసుకునేవాళ్ళ కోసం. నెదర్లాండ్స్‌లో కొన్ని పెద్ద కూరగాయల కొట్లలో దొరుకుతుంది, అడిగి చూడండి. నేను ఏటా ఓ అరడజను తెచ్చుకుంటాను. అన్నం పొడిపొడిగా వార్చి, ఇంగువ పోపు పెట్టి, దింపాక రసం పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఇక్కడ నారింజకాయ దొరికిందని. “ఆరెంజా?” అంది. కాదమ్మా, నారింజే అన్నాను.